ఎఫ్‌జీఎఫ్-2 వయల్ వృథా కాకుండా: పొడి కలపడం నుంచి చురుకుదనం పరీక్ష దాకా

కణాలను పెరగమని ప్రేరేపించే ప్రోటీన్ (గ్రోత్ ఫ్యాక్టర్) 50 మైక్రోగ్రాముల వయల్ మొదటిసారి చేతికొస్తే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే: ఖాళీ సీసా పంపారా అని. అడుగున పొడి కనిపించదు. వెలుతురుకు ఎత్తి చూస్తే గోడకు పల్చటి పొరలాంటిదేదో ఉండీ లేనట్టు ఉంటుంది. 50 మైక్రోగ్రాములంటే కాస్త అటూ ఇటూగా ఒక ఉప్పు రవ్వ బరువు, అంతే. వేలు పోసి కొన్న ఆ రవ్వ కణాల దాకా చేరకుండానే ప్లాస్టిక్ గోడలకు అంటుకుని కొంత, ఫ్రీజర్‌లో కొంత, 37 డిగ్రీల వాటర్ బాత్‌లో కొంత పోతుంది. కల్చర్‌లో కణాలు పెరగకపోతే మనం కణాలనో, సీరమ్‌నో అనుమానిస్తాం. అసలు నష్టం చాలాసార్లు అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది.

ఇక్కడ తీసుకున్నది మానవ ఎఫ్‌జీఎఫ్-2 (ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్-2). పాత పేరు బేసిక్ ఎఫ్‌జీఎఫ్. మూలకణాల కల్చర్ చేసే ప్రతి ల్యాబ్‌లోనూ ఉండేదే, గ్రోత్ ఫ్యాక్టర్లలో తొందరగా పాడయ్యేవాటిలో ఒకటి కూడా. దీన్ని సరిగా వాడటం వస్తే ఈజీఎఫ్ (ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్) లాంటి గట్టి ప్రోటీన్లతో ఇబ్బందే ఉండదు.

ముందు దీని స్వభావం

అణుభారం సుమారు 17 కిలోడాల్టన్లు. పేరులోనే ఉన్నట్టు ఇది క్షార స్వభావపు ప్రోటీన్, ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 9.6 దగ్గర. అంటే మామూలు పీహెచ్‌లో దీనిమీద ధనావేశం ఉంటుంది. గాజు ఉపరితలం మీద రుణావేశం. రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాలిస్టైరీన్ కూడా ప్రోటీన్‌ను బాగానే పీల్చుకుంటుంది. అందుకే ఎఫ్‌జీఎఫ్-2 ముట్టే ప్రతి ట్యూబూ పాలీప్రొపిలీన్‌దై ఉండాలి, లో-బైండ్ రకం దొరికితే ఇంకా మంచిది.

రెండోది, దీనికి ఆమ్లం పడదు. టీజీఎఫ్-బీటా లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లు 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో హాయిగా కరుగుతాయి. ఆ అలవాటుతో దీన్ని కూడా ఆమ్లంలో కలిపితే పని అక్కడితో సరి.

మూడోది వేడి. మామూలు ఎఫ్‌జీఎఫ్-2 మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) 37 డిగ్రీల వద్ద ఒక్కరోజు గడిచేసరికి సగానికి పైగా చురుకుదనం పోగొట్టుకుంటుంది. మానవ ప్లూరిపోటెంట్ (శరీరంలోని ఏ రకం కణంగానైనా మారగల) మూలకణాలకు రోజూ మీడియం మార్చమనడానికి పెద్ద కారణం ఇదే.

దీనిలో నాలుగు సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) ఉంటాయి. వాటిలో రెండు బయటికి తేలి ఉండటంతో గాలి తగిలే కొద్దీ పక్క అణువుతో డైసల్ఫైడ్ బంధం కట్టుకుని జంటలుగా, ఆపై ముద్దలుగా మారుతుంటాయి. దీన్ని వొర్టెక్స్ చేయకూడదు (యంత్రం మీద జోరుగా కుదపకూడదు) అనడానికి ఇదీ ఒక కారణం.

కొనేటప్పుడు చూడాల్సినవి

కేటలాగుల్లో 146, 154, 155 అమైనో ఆమ్లాల రూపాలు కనిపిస్తాయి. తేడా ఎన్-టెర్మినల్ కొసలో, అంటే ప్రోటీన్ గొలుసు మొదలయ్యే చోట. మామూలు కల్చర్ పనికి ఏదైనా నడుస్తుంది. కానీ ఒక ప్రయోగం మధ్యలో ఒకదాని నుంచి ఇంకోదానికి మారకండి. ఇ. కోలిలో తయారైందని వెనకాడనక్కర్లేదు. సహజంగానే ఎఫ్‌జీఎఫ్-2కి సిగ్నల్ పెప్టైడ్ (ప్రోటీన్‌ను స్రావక మార్గంలోకి పంపే ముక్క) లేదు, మామూలు స్రావక మార్గంలో వెళ్లి చక్కెరలు తగిలించుకునే ప్రోటీన్ కాదు. బాక్టీరియాలో చేసినదీ బాగానే పనిచేస్తుంది. మానవ రూపం ఎలుక, చుంచు కణాల మీద కూడా పనిచేస్తుంది కాబట్టి రెండు వయల్స్ కొనే పని లేదు.

ఇ. కోలి అనగానే చూడాల్సింది ఎండోటాక్సిన్, అంటే ఆ బాక్టీరియా గోడ నుంచి వచ్చే విషపదార్థం. మైక్రోగ్రాముకు 1 యూనిట్ కంటే తక్కువ అని రాసి ఉంటే, మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు (ఇకపై మీడియంలో గాఢతలన్నీ మిల్లీలీటరుకే) వాడినప్పుడు మీడియంలో మిల్లీలీటరుకు 0.1 యూనిట్ దాకా చేరవచ్చు. ఫైబ్రోబ్లాస్ట్‌లు (అనుసంధాన కణజాలంలోని కణాలు) దాన్ని పట్టించుకోవు. మాక్రోఫేజ్‌లు, డెండ్రైటిక్ కణాలు లాంటి రోగనిరోధక కణాలతో పనిచేసేవాళ్లు మాత్రం 0.1 కంటే తక్కువ ఉన్న గ్రేడే తీసుకోవాలి. లేకపోతే మీరు కొలిచేది గ్రోత్ ఫ్యాక్టర్ ప్రభావాన్నో, బాక్టీరియా గోడ ముక్కల ప్రభావాన్నో తేలదు.

క్యారియర్ ఉన్నదా, లేనిదా? క్యారియర్ అంటే తోడుగా కలిపే ప్రోటీన్, సాధారణంగా బీఎస్‌ఏ (పశువుల సీరమ్ ఆల్బుమిన్). కల్చర్‌కు బీఎస్‌ఏ ఉన్నదే తీసుకోండి, నిల్వలో అది రక్షణ. ప్రోటీన్‌కు ఫ్లోరోసెంట్ డై తగిలించాలన్నా, చిప్ మీద బంధించాలన్నా, జెల్ మీద శుభ్రమైన బ్యాండ్ కావాలన్నా క్యారియర్ లేనిదే కావాలి.

పార్శిల్ వచ్చిన రోజు

మే నెలలో హైదరాబాద్ చేరేసరికి జెల్ ప్యాక్‌లు కరిగి గోరువెచ్చగా ఉండటం మామూలే. ఫ్రీజ్-డ్రై చేసిన పొడి అయితే కంగారు పడకండి, కొద్ది రోజుల ప్రయాణ వేడిని పొడి రూపంలో ఈ ప్రోటీన్ తట్టుకుంటుంది. వెంటనే మైనస్ 20లో పెట్టి, లాట్ (తయారీ బ్యాచ్) నంబరు, వచ్చిన తేదీ రిజిస్టర్‌లో రాయండి. ద్రావణ రూపంలో, డ్రై ఐస్ మీద రావాల్సినది కరిగి వస్తే సంగతి వేరు. ఫొటో తీసి, తెరవకుండానే ఫిర్యాదు చేయాలి.

కలిపే బఫర్

వయల్‌తో వచ్చిన కాగితంలో బఫర్ స్పష్టంగా చెప్పి ఉంటే అదే వాడండి. పొడిలో ఏ లవణాలు ఉన్నాయో వాళ్లకే తెలుసు. ఏమీ చెప్పకపోతే 5 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 7.6, అందులో 0.1% బీఎస్‌ఏ. 10 మిల్లీలీటర్లకు లెక్క ఇది: 1 మోలార్ ట్రిస్-హైడ్రోక్లోరైడ్ 50 మైక్రోలీటర్లు, 10% బీఎస్‌ఏ ద్రావణం 100 మైక్రోలీటర్లు, మిగతా 9.85 మిల్లీలీటర్లు కల్చర్ గ్రేడ్ నీరు. 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లో ఇప్పుడే వడకట్టండి. ప్రోటీన్ కలిపాక వడకట్టడం అంటే ప్రోటీన్‌ను ఫిల్టర్‌కు దానం చేయడమే.

అందరికీ అలవాటైన పీబీఎస్ (ఫాస్ఫేట్ బఫర్ ఉన్న ఉప్పునీరు) ఎందుకు వద్దు? వెంటనే వాడేసే పనికైతే పీబీఎస్ బాగానే ఉంటుంది. చిక్కు గడ్డకట్టించినప్పుడు. చల్లబడే కొద్దీ డైసోడియం ఫాస్ఫేట్ ముందుగా స్ఫటికాలు కడుతుంది, మిగిలిన ద్రవంలో మోనోసోడియం ఫాస్ఫేట్ పాలు పెరుగుతుంది, పీహెచ్ 7.4 నుంచి 4 దాకా కూడా జారిపోవచ్చు. బయటికి తీసి కరిగిస్తే మళ్లీ 7.4 చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆమ్లం పడని ప్రోటీన్ మాత్రం ఆ మధ్యలో పడాల్సిన దెబ్బ పడిపోయి ఉంటుంది. ట్రిస్ దీనికి వ్యతిరేకం, చల్లబడితే దాని పీహెచ్ కొంచెం పెరుగుతుంది. ఎఫ్‌జీఎఫ్-2కి అది ఇబ్బంది కాదు.

పొడి కరిగించడం

వయల్‌ను ఫ్రీజర్ నుంచి తీసి, మూత తీయకుండా 20–30 నిమిషాలు బల్ల మీద ఉంచండి. చల్లటి వయల్ తెరిస్తే గాలిలోని తేమ లోపల చుక్కలుగా పేరుకుంటుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్. మైక్రో ట్యూబ్ అయితే 3,000 జి వద్ద ఒకట్రెండు నిమిషాలు. గాజు వయల్, రబ్బరు బిరడా అయితే తగిన అడాప్టర్‌లో పెట్టి 300–500 జి చాలు. మూతకు, మెడకు అంటుకున్న పొడి కిందికి దిగాలి. ఈ మెట్టు వదిలేస్తే మూతతోపాటు ఎంత ప్రోటీన్ చెత్తబుట్టలోకి పోయిందో లెక్కకు రాదు. కొన్ని గాజు వయల్స్‌ను వాక్యూమ్‌లో మూస్తారు. బిరడాను ఒక్కసారిగా లాగితే గాలి దూసుకొచ్చి పొడి ఎగురుతుంది. ఒక అంచు మెల్లగా ఎత్తి గాలి పోనివ్వండి.

50 మైక్రోగ్రాములకు 500 మైక్రోలీటర్ల బఫర్. అప్పుడు స్టాక్ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు అవుతుంది. ఇంతకంటే పల్చగా చేయకండి. పల్చబడే కొద్దీ గోడకు అంటుకునే వాటా పెరుగుతుంది. బఫర్‌ను అడుగున గుమ్మరించకుండా గోడల వెంట చుట్టూ జారవిడవండి, పొర అక్కడ కూడా ఉంటుంది. వేలితో మెల్లగా తట్టి, గది ఉష్ణోగ్రతలో 10–15 నిమిషాలు వదిలేయండి. ఆపై పిపెట్‌తో నెమ్మదిగా నాలుగైదుసార్లు పైకీ కిందికీ. నురగ రాకూడదు. బుడగ అంచున, అంటే గాలి నీరు కలిసే చోట, ప్రోటీన్ విచ్చుకుని ముద్ద కడుతుంది.

ద్రావణంలో తెల్లటి పోగుల్లాంటివి తేలితే వేడి చేయకండి. 4 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి చూడండి. అప్పటికీ పోకపోతే ముద్ద కట్టిన ప్రోటీన్ అన్నమాట. పైన తేటను వాడుకోవచ్చుగానీ ఇక మీద రాసుకున్న గాఢతను నమ్మడానికి వీల్లేదు.

అలిక్వాట్లు

స్టాక్‌ను ఒక్కో వాడకానికి సరిపడా చిన్న ట్యూబుల్లోకి విడదీయడమే అలిక్వాట్లు చేయడం. ఎంతెంత పోయాలో ముందే లెక్క వేసుకోవాలి. వారానికి 100 మిల్లీలీటర్ల మీడియం, 20 నానోగ్రాముల గాఢతలో వాడతారనుకోండి. కావాల్సింది 2,000 నానోగ్రాములు, అంటే 2 మైక్రోగ్రాములు, స్టాక్‌లో 20 మైక్రోలీటర్లు. ఒక్కో ట్యూబ్‌లో 20 పోస్తే కాగితం మీద 25 ట్యూబులు రావాలి. వయల్ గోడకు, టిప్‌కు అంటినది పోను 25వ ట్యూబ్ నిండదు. దాన్ని ట్రయల్‌కు ఉంచుకోండి. 10 మైక్రోలీటర్ల కంటే చిన్న అలిక్వాట్ చేయకండి. మూత సందు నుంచి నెలల తరబడి తేమ ఆవిరైపోయి అడుగున చెమ్మ మాత్రమే మిగులుతుంది.

ప్లూరిపోటెంట్ కణాల ల్యాబ్‌లకు ఈ లెక్క వేరేగా ఉంటుంది. ఫీడర్ కణాల (మూలకణాలకు ఆసరాగా అడుగున పరిచే కణాల) మీద 4 నానోగ్రాములతో నడిచే కల్చర్, ఫీడర్ లేకుండా చేస్తే 100 నానోగ్రాములు అడుగుతుంది. అర లీటరు సీసాకు 50 మైక్రోగ్రాములు, అంటే ఒక వయల్ మొత్తం! వాళ్లు 1 మిల్లీగ్రాము ప్యాక్ కొనడమే లాభం. నాడీ మూలకణాలకు సాధారణంగా ఎఫ్‌జీఎఫ్-2, ఈజీఎఫ్ ఒక్కొక్కటి 20 చొప్పున వేస్తారు.

ట్యూబ్ మీద ప్రోటీన్ పేరు, లాట్, గాఢత, బఫర్, తేదీ రాయండి. 70% ఆల్కహాల్ తగిలితే చెరిగిపోయే మార్కర్‌తో రాస్తే రాయనట్టే. నిల్వకు మైనస్ 80 మంచిది. మైనస్ 20 తప్పదనుకుంటే మంచు తానే కరిగించుకునే ఫ్రాస్ట్-ఫ్రీ రకం మాత్రం వద్దు. అది మధ్యమధ్యలో లోపల వేడెక్కుతుంది, మీరు తలుపు తీయకుండానే మీ ట్యూబులు కరుగుతూ గడ్డకడుతూ ఉంటాయి.

వాడేటప్పుడు ఐస్ మీద కరిగించండి. కరిగినది బీఎస్‌ఏ ఉంటే 4 డిగ్రీల వద్ద వారం దాకా నడుస్తుంది. మిగిలింది కదా అని మళ్లీ ఫ్రీజర్‌లోకి తోయవద్దు, పారబోసినా నష్టం తక్కువే.

మీడియంలో కలపడం

2 మైక్రోలీటర్ల కంటే తక్కువ పిపెట్ చేయాల్సి వస్తే మధ్యలో ఒక పల్చటి స్టాక్ చేసుకోండి: 10 మైక్రోలీటర్ల స్టాక్, 990 మైక్రోలీటర్లు 0.1% బీఎస్‌ఏ ఉన్న మీడియం. ఇది మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము. దీన్ని దాచుకోకుండా ఆ రోజే వాడేయాలి.

గ్రోత్ ఫ్యాక్టర్ కలిపిన సీసా మొత్తాన్ని పొద్దున్నే వాటర్ బాత్‌లో పెట్టి, వాడినంత వాడి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టే పద్ధతి చాలా ల్యాబ్‌ల్లో ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా ఆరుసార్లు వేడెక్కిన సీసాలో శనివారానికి ఏం మిగులుతుంది? ఆ పూటకు కావాల్సినంత మాత్రం వేరే ట్యూబ్‌లోకి తీసి, గది ఉష్ణోగ్రతకు రానిస్తే చాలు.

హెపారిన్ సంగతి. ఎఫ్‌జీఎఫ్-2 తన రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకోవాలంటే హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసు తోడు కావాలి; హెపారిన్ దానికి దగ్గరి బంధువు. చాలా కణాల ఉపరితలం మీద అది సహజంగానే ఉంటుంది. లేని కణాల్లో, ఉదాహరణకు ఎఫ్‌జీఎఫ్ రిసెప్టర్ పెట్టిన బీఏఎఫ్-3 అనే చుంచు రక్తకణాల వంశంలో, హెపారిన్ కలపకపోతే స్పందనే రాదు. నాడీ మూలకణాల మీడియంలో 2 మైక్రోగ్రాములు వేస్తుంటారు. హెపారిన్ ఈ ప్రోటీన్‌ను వేడి నుంచి, ప్రోటియేజ్‌ల నుంచి కూడా కొంత కాపాడుతుంది. అలాగని ఎక్కువ పోస్తే ఎఫ్‌జీఎఫ్-2ని కణానికి దూరంగా ద్రవంలోనే కట్టి ఉంచుతుంది.

పనిచేస్తోందా? తొందరగా తేల్చే పరీక్ష

ఆరు గుంటల ప్లేట్‌లో ఫైబ్రోబ్లాస్ట్‌లను రాత్రంతా 0.5% సీరమ్‌లో ఆకలితో ఉంచండి. తెల్లారి 10 నానోగ్రాములు కలిపి 10 నిమిషాలు ఆగి, ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు ఉన్న లైసిస్ బఫర్‌లోకి తీసి, ఫాస్ఫో-ఈఆర్‌కే (గ్రోత్ ఫ్యాక్టర్ సంకేతం అందితే ఫాస్ఫేట్ తగిలి చురుకయ్యే ప్రోటీన్) బ్లాట్ చేయండి. 42, 44 కిలోడాల్టన్ల దగ్గర జంట బ్యాండ్లు స్పష్టంగా పెరగాలి. మీడియం మార్చడం వల్లా, ప్లేట్ కుదపడం వల్లా కూడా ఈఆర్‌కే లేస్తుంది. కాబట్టి మీడియం మార్చకుండా గాఢమైన చుక్కగా కలపండి, పక్క గుంటలో అంతే పరిమాణంలో ఖాళీ బఫర్ వేయండి. ఇంకో గుంటలో ముందుగా 100 నానోమోలార్ పీడీ173074 (ఎఫ్‌జీఎఫ్ రిసెప్టర్‌ను అడ్డుకునే మందు) వేసి అరగంట ఆగి ఎఫ్‌జీఎఫ్-2 ఇస్తే బ్యాండ్ పడిపోవాలి. అప్పుడే ఆ సంకేతం ఎఫ్‌జీఎఫ్ రిసెప్టర్ ద్వారా వచ్చిందని గట్టిగా చెప్పగలం.

అంకె కావాలంటే: 3టీ3 పరీక్ష

ఎన్ఐహెచ్-3టీ3 కణాలను (చుంచు ఫైబ్రోబ్లాస్ట్‌లను) 96 గుంటల ప్లేట్‌లో గుంటకు 5,000 చొప్పున వేయండి. వీటికి పెంపకంలో దూడ సీరమ్ వాడతారు, పిండ దశ సీరమ్ కాదు. బయటి వరుసలన్నీ పీబీఎస్‌తో నింపి వదిలేయండి, అక్కడ ఆవిరి ఎక్కువై అంకెలు తప్పుతాయి. మరునాడు 0.5% సీరమ్ మీడియం 100 మైక్రోలీటర్లకు మార్చి 24 గంటలు ఆగండి. కణాలు ఒత్తుగా నిండిపోతే ఆపేయండి, ఎందుకంటే ఒకదానికొకటి తగిలిన 3టీ3 కణాల పెరుగుదల మందగిస్తుంది, తేడా సరిగా కనిపించదు.

పల్చబరచడం: 1 మైక్రోగ్రాము స్టాక్ నుంచి 20 మైక్రోలీటర్లు, 980 ఆకలి మీడియం. ఇది 20 నానోగ్రాములు. దీన్నుంచి 300 తీసి 600 మీడియంలోకి, మళ్లీ అందులోంచి 300 తీసి 600లోకి, అలా ఆరుసార్లు. ప్రతిసారీ కొత్త టిప్. పాత టిప్‌తోనే లాక్కుపోతే పై గాఢత కిందికి మోసుకొచ్చి గీత పక్కకు జరుగుతుంది. ఒక్కోదాన్నుంచి మూడు గుంటలకు 100 చొప్పున కలపండి. గుంటలో ఉన్న 100తో కలిసి సగమవుతుంది కాబట్టి పై గాఢత 10 నానోగ్రాములు, అట్టడుగున 0.014. ఖాళీ మీడియం గుంటలు మరో మూడు. 48 గంటల తర్వాత గుంటకు 20 మైక్రోలీటర్ల రెసాజురిన్ (బతికున్న కణాలు మార్చితే వెలిగే రంగు), 3–4 గంటలు ఇంక్యుబేటర్‌లో, 560 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరిచి 590 వద్ద చదవండి.

నాలుగు పారామీటర్ల గీత (ఎస్ ఆకారపు వక్రం) వేస్తే సగం ప్రభావం ఇచ్చే గాఢత తెలుస్తుంది. మంచి ఎఫ్‌జీఎఫ్-2కి అది మిల్లీలీటరుకు 0.1–1 నానోగ్రాము మధ్య ఉండాలి. 10 లక్షలను ఆ అంకెతో భాగిస్తే మిల్లీగ్రాముకు ఎన్ని యూనిట్లో వస్తుంది: 0.5 అయితే 20 లక్షల యూనిట్లు. కంపెనీ కాగితం మీది అంకెతో ఇది అచ్చంగా కలవాలని పట్టుబట్టకండి. కణాలు, సీరమ్, పాసేజ్ నంబరు (కణాలను ఎన్నిసార్లు కొత్త ప్లేట్‌కు మార్చారన్నది) మారితే రెండు మూడు రెట్లు తేడా మామూలే. ఒకే ప్లేట్‌లో పక్కపక్కన పెట్టిన రెండు నమూనాల మధ్య తేడాకే అర్థం ఉంది.

ఫలితం తేడాగా ఉంటే

అన్ని గాఢతల్లోనూ ఒకేలా ఎక్కువ పెరుగుదల ఉంటే సీరమ్ మిగిలి ఉంది, అందులోని గ్రోత్ ఫ్యాక్టర్లే పని కానిచ్చేశాయి. గీత ఆకారం బాగుండి మొత్తంగా కుడికి జరిగితే చురుకైన ప్రోటీన్ తగ్గింది: అంటుకుపోవడమో, కరిగించి గడ్డకట్టించడమో. ఏదో తేల్చాలంటే 15% జెల్ మీద, రిడ్యూస్ చేసి (డైసల్ఫైడ్ బంధాలు తెంపి) ఒకటి, చేయకుండా ఒకటి నడపండి. చేయనిదానిలో 34 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ కనిపిస్తే సిస్టీన్లు జంటకట్టాయి. రెండింటిలోనూ 17 దగ్గర బ్యాండే పలచగా ఉంటే ప్రోటీన్ ట్యూబ్ గోడకు పోయింది. క్యారియర్ ఉన్న స్టాక్ అయితే 66 దగ్గర బీఎస్‌ఏ పెద్ద మచ్చలా వస్తుంది, కంగారుపడకండి.

మూలకణాల కాలనీల అంచుల్లో కణాలు పెద్దగా, బల్లపరుపుగా పరుచుకుంటూ పోవడం, అదీ ఆదివారం మీడియం మార్చని వారాల్లోనే ఎక్కువగా కనిపిస్తే, దాదాపుగా ఎఫ్‌జీఎఫ్-2 అయిపోయిన గుర్తే. మోతాదు రెట్టింపు చేయడం కంటే వేడిని తట్టుకునేలా మార్పులు చేసిన ఎఫ్‌జీఎఫ్-2 రూపాలకు మారడం మేలు. తొమ్మిది చోట్ల అమైనో ఆమ్లాలు మార్చిన ఎఫ్‌జీఎఫ్2-జీ3 అలాంటిదే, 37 డిగ్రీల వద్ద రోజుల తరబడి నిలబడుతుంది. రోజూ మీడియం మార్చే పని తప్పుతుంది.

వయల్ మీద పరిశోధనకు మాత్రమే అని ఉన్నది ఉత్త లాంఛనం కాదు. చర్మం మీదో, జుట్టు కుదుళ్లలోనో వేసుకోవడానికి ఇది తయారు కాలేదు.

కొత్త లాట్ వచ్చినప్పుడు పాత లాట్ అలిక్వాట్ ఒకటి మైనస్ 80లో మిగిలి ఉండేలా చూసుకోండి, మీద ఎర్ర మార్కర్‌తో గుర్తు పెట్టండి. రెండింటినీ ఒకే ప్లేట్‌లో పెట్టి చూశాకే పాతదాన్ని ఖాళీ చేయాలి.